మధ్యాహ్నానికి 29 దాటుతోంది… చిల్లర్ కొనక తప్పదా?

కొత్తబిచ్చగాడు | శనివారం, సాయంత్రం 5:12

అందరికీ నమస్కారం. రీఫ్ ట్యాంక్ (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) పెట్టి ఎనిమిది నెలలైంది. సంప్‌తో (కింద స్టాండ్‌లో ఉండే వడపోత తొట్టి) కలిపి 200 లీటర్ల నీళ్ళు. రెండు క్లౌన్ చేపలు, ఒక హ్యామర్ కోరల్, నాలుగైదు రకాల జోవాలు, ఒక చిన్న మాంటీపోరా (ఇవన్నీ పగడాలే) ఉన్నాయి. చలికాలమంతా ఏ ఇబ్బందీ రాలేదు. ఎండలు మొదలయ్యాక మధ్యాహ్నం మూడింటికి టెంపరేచర్ 29.3 చూపిస్తోంది. హ్యామర్ సగానికి ముడుచుకుపోయింది. చేపలు బాగానే తింటున్నాయి గానీ, సాయంత్రం పూట నీటి పైభాగానికి దగ్గరగా తిరుగుతున్నాయనిపిస్తోంది.

చిల్లర్ (నీళ్ళు చల్లబరిచే మిషన్) ఖరీదు చూసి గుండె ఆగినంత పనైంది. వేరే దారి ఉందా? హీటర్ 26లోనే పెట్టాను, కాబట్టి దాని తప్పు కాదు.

ఉప్పుశాస్త్రి | శనివారం, సాయంత్రం 6:03

చిల్లర్ సంగతి తర్వాత. 29.3 అని చెప్పింది ఏ థర్మామీటర్?

ఇంకొన్ని వివరాలు కావాలి. రిటర్న్ పంప్ (సంప్ నుంచి నీళ్ళు పైకి తోసేది) ఎన్ని వాట్లు, లైటు ఏ రకం, పైన అద్దం మూత ఉందా, కింద స్టాండ్ తలుపులు మూసి ఉంచుతారా, పొద్దున లేవగానే ఎంత ఉంటుంది?

కొత్తబిచ్చగాడు | శనివారం, సాయంత్రం 6:40

శాస్త్రిగారూ, అద్దానికి బయట అంటించే రంగుల పట్టీలో 29.3. మీరు అడిగాక మిగతావీ చూశాను, ఇప్పుడు అసలు టెన్షన్ మొదలైంది. నీళ్ళలో వైరు వేసే డిజిటల్‌లో 28.1. హీటర్ మీద ఉన్న సొంత డిస్‌ప్లేలో 27.5. మూడూ ఒకే నీళ్ళకి!

పొద్దున ఆరింటికి డిజిటల్‌లో 26.6 ఉంటుంది. రిటర్న్ పంప్ 45 వాట్లు, స్కిమ్మర్ (నురగతో మురికి లాగేది) పంప్ 20, రెండు వేవ్‌మేకర్లు (ట్యాంక్‌లో నీళ్ళు కదిపేవి) చెరో 10. లైటు ఎల్‌ఈడీ. అద్దం మూత ఉంది, స్టాండ్ తలుపులు మూసే ఉంటాయి (పిల్లి ఉంది).

రాత్రిడ్యూటీ | శనివారం, రాత్రి 9:55

ఆ పట్టీని నమ్మకు తమ్ముడూ. అది చూపేది అద్దం బయటి ముఖం వేడి. గది వేడిగా ఉంటే ఎక్కువ, ఏసీ గాలి తగిలితే తక్కువ చూపిస్తుంది. నీళ్ళలో ఉన్న డిజిటలే నయం.

ఉప్పుశాస్త్రి | శనివారం, రాత్రి 10:20

డిజిటల్ అయినంత మాత్రాన నిజం చెబుతుందని లేదు. చవక రకాలు ఒక డిగ్రీ అటూ ఇటూ ఉంటాయి. పగడాల విషయంలో ఆ ఒక్క డిగ్రీయే మొత్తం కథ. పరీక్ష చాలా తేలిక, రేపు పొద్దున చేసి చెప్పండి.

ఐస్‌ని బాగా చితక్కొట్టి ఒక గ్లాసు నిండా వేయండి. చల్లటి ఆర్‌ఓ నీళ్ళు ఐస్ మధ్య సందులు నిండేంత మాత్రమే పోయండి. నీళ్ళ మీద ఐస్ ముక్కలు తేలుతున్నాయంటే నీళ్ళు ఎక్కువైనట్టే. ప్రోబ్‌ని (థర్మామీటర్ వైరు కొస) మధ్యలో పెట్టి, గ్లాసు అడుగుకూ గోడకూ తగలకుండా, కలుపుతూ మూడు నాలుగు నిమిషాలు ఉంచండి. అక్కడ ఉండాల్సింది 0.0. ఎంత తేడా చూపితే దాన్ని రాసి పెట్టుకోండి. సున్నా దగ్గర ఉన్న తేడాయే 26 దగ్గరా కచ్చితంగా ఉంటుందని ఒట్టేసి చెప్పలేను గానీ, ఇంట్లో చేసుకోగల పరీక్షల్లో దీన్ని మించింది లేదు. ఉప్పునీళ్ళు మాత్రం వాడకండి, ఉప్పు కలిస్తే సున్నాకి ఇంకా కిందకు పోతుంది.

అక్రోపిచ్చి | శనివారం, రాత్రి 11:31

జ్వరం చూసే థర్మామీటర్ పక్కన పెట్టి చూస్తే సరిపోదా? అది కచ్చితంగానే ఉంటుందిగా.

ఉప్పుశాస్త్రి | శనివారం, రాత్రి 11:38

కచ్చితమే. కానీ వాటిలో చాలావరకు 32 దగ్గరే మొదలవుతాయి. మీ ట్యాంక్ 32కి వస్తే థర్మామీటర్ అవసరం ఉండదు, వాసనే చెబుతుంది. గ్లాసులో గోరువెచ్చని నీళ్ళు పోసి, రెండింటినీ 35, 36 దగ్గర పోల్చి చూసుకోవడానికైతే పనికొస్తుంది.

కొత్తబిచ్చగాడు | ఆదివారం, ఉదయం 8:15

చేశాను. ఐస్‌లో డిజిటల్ మైనస్ 0.6 చూపించింది. అంటే అది తక్కువ చెబుతోంది. అంటే నిన్న అసలు ఉన్నది 28.7! మనం తిట్టిన రంగుల పట్టీ కూడా నిజానికి డిజిటల్ అంత దగ్గరగానే ఉంది 😅

రాత్రిడ్యూటీ | ఆదివారం, ఉదయం 8:30

ఆగిపోయిన గడియారం కూడా రోజుకి రెండుసార్లు కరెక్ట్ టైమ్ చూపిస్తుంది. పట్టీని మాత్రం ఇప్పటికీ నమ్మను.

సంపులోచెయ్యి | ఆదివారం, ఉదయం 9:02

28.7 అంటే ఇవాళే కొంప మునగదు, అలాగని వదిలేసేదీ కాదు. ముందు ఖర్చు లేని పనులు చేయండి. అద్దం మూత తీసేసి వల మూత పెట్టండి (క్లౌన్ చేపలు కూడా దూకుతాయి, పైగా మీకు పిల్లి). స్టాండ్ వెనక పలక తీసేయండి, లేదా పెద్ద రంధ్రం చేయండి. మూసిన స్టాండ్‌లో సంప్ అంటే ఆవిరి గది. లైటు టైమింగ్‌ని సాయంత్రానికి జరిపితే, గది వేడి, లైటు వేడి ఒకేసారి నీళ్ళ మీద పడవు.

ఆ తర్వాత సంప్ మీదకి నీటి ఉపరితలం పొడుగునా వీచేలా ఒక చిన్న ఫ్యాన్. చాలామందికి ఇంతటితో చిల్లర్ అవసరమే రాదు.

మీటరుతిరుగుతోంది | ఆదివారం, ఉదయం 10:47

అక్క చెప్పింది నిజం. లెక్క కూడా చెబుతాను, ఎందుకంటే "చిన్న ఫ్యాన్‌తో ఏమవుతుందిలే" అని అందరూ కొట్టిపారేస్తారు.

ఒక లీటరు నీళ్ళు ఆవిరవ్వాలంటే సుమారు 2,430 కిలోజౌళ్ళ వేడి కావాలి. అందులో ఎక్కువ భాగాన్ని అది మీ నీళ్ళ నుంచే లాక్కుంటుంది. 200 లీటర్ల ఉప్పునీటిని ఒక డిగ్రీ మార్చడానికి కావాల్సింది సుమారు 820. అంటే బయటి నుంచి వేడి రాకపోతే, ఒక లీటరు ఆవిరి మీ ట్యాంక్‌ని దాదాపు 3 డిగ్రీలు దించగలదు. నిజ జీవితంలో వేడి వస్తూనే ఉంటుంది. మీ పంపులన్నీ కలిపి 85 వాట్లు. నీళ్ళలో మునిగి తిరిగే మోటారు తినే కరెంటు చివరికి దాదాపు మొత్తం నీళ్ళలో వేడిగానే తేలుతుంది. రోజుకి 3 లీటర్లు ఆవిరైతే పోయే వేడి సగటున 84 వాట్లు. అంటే మీ పంపులు పోసే వేడినంతా ఫ్యాన్ ఒక్కటే ఎత్తి బయట పోస్తుంది.

ఫ్యాన్ నీళ్ళలో పడకుండా గట్టిగా బిగించండి. వైరుని ప్లగ్ కంటే కిందకు వేలాడేలా వంపు తిప్పండి, అప్పుడు జారిన చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది, సాకెట్‌లోకి పోదు. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైన్ కట్ చేసే స్విచ్) లేని లైన్‌లో ట్యాంక్ నడపొద్దు. ఇది మాత్రం బతిమాలి చెబుతున్నాను.

అక్రోపిచ్చి | ఆదివారం, మధ్యాహ్నం 1:20

నాదొక ప్రశ్న, గొడవ కోసం కాదు. సముద్రంలో చాలా రీఫ్‌లు 28, 29 దగ్గర హాయిగా ఉంటాయి. పర్షియన్ గల్ఫ్‌లో వేసవిలో 34 పైన కూడా పగడాలు బతుకుతున్నాయి. మనం మాత్రం 25, 26 అని ఎందుకు పట్టుకు వేలాడుతున్నాం? నా ట్యాంక్ రెండేళ్ళుగా 27.5లో నడుస్తోంది, అక్రోపోరాలు (కొమ్మల పగడాలు) గుబురుగా పెరుగుతున్నాయి.

ఉప్పుశాస్త్రి | ఆదివారం, మధ్యాహ్నం 2:44

మంచి ప్రశ్న. 27.5 తప్పని నేను అనను. స్థిరంగా ఉంటే బాగానే నడుస్తుంది. కానీ గల్ఫ్ పగడాల ఉదాహరణ మనకు పనికిరాదు. అవి తరతరాలుగా ఆ వేడికి అలవాటు పడినవి. మన దగ్గర ఉన్న ముక్కలు ఏదో ఫారమ్ ట్యాంక్‌లో 25, 26 దగ్గర ఏళ్ళ తరబడి పెరిగినవి.

పగడం చూసుకునేది అంకెని కాదు, తన అలవాటుకి ఎంత పైకి పోయిందన్నది. అమెరికా సముద్ర వాతావరణ సంస్థ నోవా రీఫ్‌లకి ప్రమాద హెచ్చరికలు ఇచ్చే పద్ధతి ఇదే. ఒక ప్రాంతంలో ఏడాదిలో అతి వేడి నెల సగటు ఎంతో చూస్తారు, దానిమీద ఒక్క డిగ్రీ పెరిగితే పగడాలకు ఒత్తిడి మొదలైనట్టు లెక్క. ఆ ఒక్క డిగ్రీ నాలుగు వారాలు అలాగే ఉంటే బ్లీచింగ్ (పగడాలు తెల్లబడటం) జరిగే అవకాశం ఎక్కువని, ఎనిమిది వారాల లెక్కకి చేరితే చావులు ఉంటాయని అంచనా. రెండు డిగ్రీలు పెరిగితే వారాలు సగానికి సగం తగ్గుతాయి. 2016లో గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తర భాగం తెల్లబడింది ఇలాగే. లోపల ఉండే జూజాంతెల్లే అనే నాచు కణాలు వేడికి, వెలుతురుకి తట్టుకోలేక విషపు ఆక్సిజన్ రకాలను వదులుతాయి, పగడం వాటిని బయటికి నెట్టేస్తుంది. అన్నం పెట్టేవాణ్ణే ఇంట్లోంచి గెంటేసినట్టు. ఆ తర్వాత ఆకలి.

ఇక 25, 26 ఎందుకంటే, కింద పడ్డా దెబ్బ తగలని ఎత్తు అది. మధ్యాహ్నం పంప్ ఆగినా, కరెంటు పోయినా, హీటర్ మొరాయించినా 25.5 నుంచి ప్రమాదం దాకా పోవడానికి మనకి నాలుగైదు డిగ్రీల జాగా ఉంటుంది. 28లో నడిపేవాడికి ఒకటిన్నర. ఇంకోటి ఆక్సిజన్. 25 డిగ్రీల సముద్రపు నీరు లీటరుకి సుమారు 6.7 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటుంది, 30 దగ్గర సుమారు 6.2. తగ్గింది కొంచెమే కదా అనిపిస్తుంది. కానీ అదే వేడికి చేపలకీ బాక్టీరియాకీ ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. ఆదాయం తగ్గినప్పుడే ఖర్చు పెరిగిన ఇల్లులా అన్నమాట. మన మిత్రుడి చేపలు పైకి వస్తున్నది అందుకే అయ్యుండొచ్చు.

అక్రోపిచ్చి | ఆదివారం, మధ్యాహ్నం 3:05

జాగా మాట ఒప్పుకుంటున్నా. నాకు చిల్లర్ ఉంది కాబట్టి ధైర్యం. అది పాడైన రోజు ఇక్కడే ఏడుస్తాను.

కొత్తబిచ్చగాడు | శనివారం, సాయంత్రం 4:30

వారం తర్వాత వచ్చాను. మూత మార్చాను, స్టాండ్ వెనక పలక తీశాను, ఫ్యాన్ పెట్టాను. టెంపరేచర్ అద్భుతం! పగలూ రాత్రీ 27.2 (తేడా కలిపి చెబుతున్నా). కదలట్లేదు. అందుకని ఫ్యాన్‌ని 24 గంటలూ వదిలేశాను. నిన్న రాత్రి గది బాగా చల్లబడింది, అయినా 27.2కి ఒక్క పిసరు కిందకి రాలేదు.

కానీ హ్యామర్ ఇంకా దిగజారింది. జోవాలు కూడా సగం మూసుకున్నాయి. ఇల్లలకగానే పండగ కాదంటే ఇదేనేమో. రోజుకి 3 లీటర్లు తగ్గుతున్నాయి, క్రమం తప్పకుండా నింపుతూనే ఉన్నాను.

సంపులోచెయ్యి | శనివారం, సాయంత్రం 4:41

దేనితో నింపుతున్నారు?

కొత్తబిచ్చగాడు | శనివారం, సాయంత్రం 4:50

నీళ్ళు మార్చడానికి కలిపి పెట్టుకున్న ఉప్పునీళ్ళతోనే అక్కా. 35 పీపీటీ (లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పు), జాగ్రత్తగా కొలిచే కలిపాను. ఫ్యాన్ పెట్టి ఆరు రోజులు.

సంపులోచెయ్యి | శనివారం, సాయంత్రం 4:58

అయ్యో. ఇప్పుడే రిఫ్రాక్టోమీటర్‌తో (ఉప్పు కొలిచేది) ట్యాంక్ నీళ్ళు చూడండి.

ఆవిరయ్యేది నీళ్ళు మాత్రమే, ఉప్పు ఎక్కడికీ పోదు. మీరు రోజుకి 3 లీటర్ల ఉప్పునీళ్ళు పోస్తే 105 గ్రాముల ఉప్పు అదనంగా వేసినట్టు. 200 లీటర్లలో రోజుకి అర పీపీటీ పెరుగుతుంది. ఆరు రోజులకి 38 ఉంటుందని నా అంచనా.

కొత్తబిచ్చగాడు | శనివారం, సాయంత్రం 5:10

38 😭

సంపులోచెయ్యి | శనివారం, సాయంత్రం 5:26

ఏడవకండి, ఇది అందరూ ఒకసారి చేసేదే. నేనైతే మంచినీళ్ళ చేపల నుంచి ఇటు వచ్చినప్పుడు ఏకంగా నెల రోజులు చేశాను.

కంగారుపడి ఇవాళే 35కి దించకండి, అది ఇంకో దెబ్బ. రోజుకి 5 లీటర్ల ట్యాంక్ నీళ్ళు తీసి, అంతే ఆర్‌ఓ నీళ్ళు సంప్‌లో నెమ్మదిగా పోయండి, దాదాపు ఒక పీపీటీ తగ్గుతుంది. మూడు రోజులు. ఆవిరైన దానికి నింపేది వేరే, అదీ ఇకమీదట ఆర్‌ఓ నీళ్ళే. వీలైతే ఆటో టాప్ ఆఫ్ (తగ్గిన నీళ్ళు దానంతటదే నింపేది) పెట్టుకోండి. ఫ్యాన్ ఉన్న ట్యాంక్‌కి అది విలాసం కాదు. రోజుకి మూడు లీటర్లు చేత్తో ఎన్నాళ్ళు పోస్తారు?

రాత్రిడ్యూటీ | శనివారం, రాత్రి 11:48

ఉప్పు సంగతి అక్క చూసుకుంది. నన్ను ఇంకోటి పీకుతోంది. 24 గంటలు ఫ్యాన్, చల్లబడిన గది, అయినా 27.2కి కిందకి రాలేదన్నావు. నీళ్ళు దానంతటవి అలా ఒక అంకె దగ్గర ఆగవు తమ్ముడూ. ఎవరో ఆపుతున్నారు.

రేపు తెల్లవారుజామున ఐదింటికి లేచి, లైటు వేయకుండా స్టాండ్ లోపల చూడు. హీటర్ మీద ఎర్ర దీపం వెలుగుతోందా?

ఉప్పుశాస్త్రి | ఆదివారం, అర్ధరాత్రి 12:15

పట్టేశారు! మొదటి రోజు పోస్టులు మళ్ళీ చూడండి. అసలు 28.7 ఉన్నప్పుడు హీటర్ డిస్‌ప్లే 27.5 అంది. 1.2 తక్కువ చూపే హీటర్‌ని 26లో పెడితే, అది నిజంగా ఆపే చోటు 27.2. మొదటి వారం పొద్దుటి డిజిటల్ 26.6, దానికి 0.6 కలిపితే అదీ 27.2. అప్పుడే నా కంట పడాల్సింది.

కొత్తబిచ్చగాడు | ఆదివారం, ఉదయం 5:09

వెలుగుతోంది.

వారమంతా ఫ్యాన్ చల్లబరుస్తుంటే హీటర్ వేడి చేస్తోంది. "హీటర్ తప్పు కాదు" అని మొదటి పోస్ట్‌లో రాసింది నేనే కదా…

మీటరుతిరుగుతోంది | ఆదివారం, ఉదయం 9:33

ఎద్దు ఎండకు లాగితే దున్న నీడకు లాగిందట. రెండింటికీ కరెంటు నీదే.

ఇప్పుడు చేయాల్సింది: ఒక బయటి కంట్రోలర్ తీసుకో, వేడికి ఒక సాకెట్, చల్లదనానికి ఒకటి ఉండేది. హీటర్ 25.2 దగ్గర వెలిగి 25.6 దగ్గర ఆరాలి. ఫ్యాన్ 26.4 దాటాకే తిరగాలి. మధ్యలో ఆ 0.8 ఖాళీ ముఖ్యం, ఆ జాగాలో రెండూ పడుకుని ఉండాలి. నిజంగా ఎప్పుడైనా చిల్లర్ కొంటే దాన్ని ఇంకా పైన, 27 దగ్గర పెట్టు.

25.5 దగ్గర గీత గీసినట్టు ఉండాలని పంతం పట్టకు. పగటికీ రాత్రికీ ఒక డిగ్రీ తేడా వస్తే పగడాలకి ఏమీ కాదు, అసలు సముద్రంలో అంతకంటే ఎక్కువే మారుతుంది. మరీ ఖాళీ లేకుండా బిగిస్తే రిలే (కంట్రోలర్ లోపలి స్విచ్) రోజుకి వందసార్లు టక్ టక్ మంటూ త్వరగా చస్తుంది.

సంపులోచెయ్యి | ఆదివారం, ఉదయం 10:20

కంట్రోలర్ మాట వచ్చింది కాబట్టి నా పాడు కథ చెప్పక తప్పదు.

నాలుగేళ్ళ క్రితం సంగతి. 250 లీటర్ల ట్యాంక్, కంట్రోలర్ మీద రెండు హీటర్లు, చెరో 200 వాట్లు. "ఎలాగూ కంట్రోలర్ చూసుకుంటుంది కదా" అని హీటర్ల మీద ఉన్న చక్రాలను ఆఖరి దాకా తిప్పేశాను. ఒక రాత్రి సంప్ కడుగుతూ ప్రోబ్ తీసి అంచు మీద పెట్టాను. పని అయ్యాక అన్నీ వెనక్కి పెట్టాను, ప్రోబ్ తప్ప. గదిలో ఏసీ, గాలి 22 డిగ్రీలు. కంట్రోలర్‌కి ఏం తెలుసు? దానికి తెలిసిన ట్యాంక్ 22లో ఉంది. తెల్లవార్లూ రెండు హీటర్లనూ వెలిగిస్తూనే ఉంది.

పొద్దున నీళ్ళు 33. గదిలోకి అడుగు పెట్టగానే వాసన. నా పసుపు ట్యాంగ్ అడుగున పక్కకి ఒరిగి ఉంది. ఐదేళ్ళ చేప. అక్రోలు సాయంత్రానికి చర్మం ఊడిపోయి తెల్లటి ఎముకలయ్యాయి. స్కిమ్మర్ నురగ గది నేల మీదకి పొంగింది. జోవాలు, మష్రూమ్ పగడాలు మాత్రం ఏమీ జరగనట్టు రెండు రోజుల్లో విచ్చుకున్నాయి. వాటి మీద ఆ రోజు ఎందుకో కోపం కూడా వచ్చింది.

అప్పటి నుంచి మూడు పనులు మానలేదు. ప్రోబ్‌ని పైపుకి టై వేసి కట్టేశాను, నీళ్ళు సగానికి తగ్గినా తేలని లోతులో. హీటర్ల సొంత చక్రాలు కంట్రోలర్ అంకెకంటే ఒక్క డిగ్రీ మాత్రమే పైన. ఇంకో చవక థర్మామీటర్ అలారంతో, ట్యాంక్‌లో వేరుగా, కంట్రోలర్‌తో ఏ సంబంధమూ లేకుండా.

రాత్రిడ్యూటీ | ఆదివారం, ఉదయం 10:52

అక్కా… ఆ "కోపం కూడా వచ్చింది" దగ్గర ఆగిపోయాను.

మీటరుతిరుగుతోంది | ఆదివారం, ఉదయం 11:15

ప్రోబ్ తప్పు లేకపోయినా ఇదే జరుగుతుంది. హీటర్ లోపలి థర్మోస్టాట్‌లో రెండు లోహపు కొసలు కలుస్తూ విడిపోతూ ఉంటాయి. ప్రతిసారీ చిన్న నిప్పురవ్వ. వేలసార్లు అయ్యాక ఒకరోజు అవి అతుక్కుపోతాయి. హీటర్ "ఆన్"లోనే చనిపోవడం అంటే అదే.

200 లీటర్లలో 300 వాట్ల హీటర్ అతుక్కుంటే సుమారు 45 నిమిషాలకి ఒక డిగ్రీ. నువ్వు ఆఫీసుకి వెళ్ళి వచ్చేలోపు అయిపోతుంది. అదే 100 వాట్లవి రెండు పెట్టి ఒకటి అతుక్కుంటే రెండుంబావు గంటలకి ఒక డిగ్రీ, అదీ గదికి పోయే వేడి తీసేయకముందు లెక్క. పైకి పోయేకొద్దీ ఇంకా నెమ్మదిస్తుంది. ఒకటి "ఆఫ్"లో చచ్చినా రెండోది కొంత కాపాడుతుంది. పెద్దది ఒకటి కంటే చిన్నవి రెండు మేలనేది అందుకే.

మంచుగది | ఆదివారం, మధ్యాహ్నం 12:40

మీరంతా చల్లార్చే గోలలో ఉన్నారు, నాది తిరగబడ్డ బాధ. మా దగ్గర రాత్రి గది 14కి దిగుతుంది. లీటరుకి ఒక వాట్ అని అందరూ చెప్పే లెక్క నాకు సరిగ్గా సరిపోయింది. గది పెద్దగా చల్లబడని వాళ్ళకి అందులో సగం చాలు. నీటికీ గదికీ ఎన్ని డిగ్రీల తేడా ఉందన్నదే అసలు కొలత. ట్యాంక్ వెనక, పక్కల థర్మోకోల్ పలకలు అంటించాక హీటర్ వెలిగే సమయం బాగా తగ్గింది.

గాజు హీటర్ వాళ్ళకి ఒక మాట. నీళ్ళు మార్చేటప్పుడు పావుగంట ముందే ప్లగ్ తీయండి. నీటి మట్టం తగ్గి హీటర్ గాలిలో వెలిగి, మళ్ళీ చల్లటి నీళ్ళు తగలగానే టప్‌మని పగిలింది నాది. కొత్త నీళ్ళు కూడా ట్యాంక్‌కి ఒక డిగ్రీ లోపు తేడాలో ఉంటేనే పోస్తాను.

అక్రోపిచ్చి | ఆదివారం, మధ్యాహ్నం 1:58

చిల్లర్ గురించి కూడా ఒకరు రాయాలి కదా. చిల్లర్ వేడిని మాయం చేయదు, నీళ్ళలోంచి తీసి గాలిలోకి వదులుతుంది, పైగా తన కంప్రెసర్ వేడి కలిపి. నేను మొదట దాన్ని స్టాండ్ లోపల తలుపులు మూసి పెట్టాను. అది వదిలిన వేడి గాలినే అది పీల్చుకుంటూ, స్టాండ్‌ని కొలిమి చేసి, సంప్‌ని వేడెక్కించి, దాన్నే మళ్ళీ చల్లార్చుతూ రోజంతా తిరిగింది. నెల తర్వాత గానీ నాకు వెలగలేదు. బయట, గోడకి జానెడు దూరంలో పెట్టాక సగం సేపే తిరుగుతోంది. దానిలోంచి పోయే నీటి వేగం కూడా కంపెనీ చెప్పినంత ఉండాలి, ఎక్కువైనా తక్కువైనా కష్టమే.

పెల్టియర్ రకం (కంప్రెసర్ లేని) చిన్న చిల్లర్లు పది, ఇరవై లీటర్ల ట్యాంక్‌లకి తప్ప ఎందుకూ పనికిరావు. నా అభిప్రాయం, తిట్టుకోండి.

కొత్తబిచ్చగాడు | బుధవారం, రాత్రి 8:05

అప్‌డేట్. ఉప్పు 35.2. కంట్రోలర్ వచ్చింది, మీటరన్న చెప్పిన అంకెలే పెట్టాను. నిన్న, మొన్న 25.4 నుంచి 26.5 మధ్యే ఉంది. కానీ ఇవాళ ముసురు పట్టింది, గాలి జిగటగా ఉంది. ఫ్యాన్ మధ్యాహ్నం నుంచి తిరుగుతూనే ఉన్నా 27.3. ఫ్యాన్ పాడైందా?

ఇంకోటి, గంటసేపు కరెంటు పోయింది. ఏం చేయాలో తెలియక చేతులు నలుపుకుంటూ కూర్చున్నాను.

ఉప్పుశాస్త్రి | బుధవారం, రాత్రి 8:40

ఫ్యాన్ బాగానే ఉంది, గాలే నిండిపోయింది. గాలిలో తేమ ఎక్కువైతే నీళ్ళు ఆవిరవ్వవు, ఆవిరవ్వకపోతే చల్లబడవు. తడి గుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపే అంకె కంటే కిందకి ఏ ఫ్యానూ దించలేదు. అలాంటి రోజు గదిలో ఏసీ వేయడమే ఉపాయం, అది తేమని కూడా లాగేస్తుంది. 27.3 ఒకటి రెండు రోజులు ఉంటే ఏమీ కాదు. మేత కొంచెం తగ్గించండి, వేవ్‌మేకర్ ఒకటి పైకి తిప్పి నీటి ఉపరితలం బాగా కదిలేలా చూడండి.

రాత్రిడ్యూటీ | బుధవారం, రాత్రి 11:20

కరెంటు పోతే మొదటి శత్రువు వేడి కాదు, ఆక్సిజన్. నీళ్ళు కదలకపోతే చేపలు ముందు పోతాయి. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంప్ ఒకటి కొని, కరెంటు పోగానే దానంతటదే వెలిగే రకం, ట్యాంక్ పక్కనే ఉంచుకో.

వేడికి: లీటరు సీసాల్లో నీళ్ళు నింపి ఫ్రీజర్‌లో పెట్టుకో. గడ్డకట్టిన సీసా ఒకటి నీ 200 లీటర్లను అర డిగ్రీ దాకా దించుతుంది. మూత గట్టిగా బిగించి సంప్‌లో వేయి. ఐస్ ముక్కలు నేరుగా నీళ్ళలో వేయకు, ఉప్పు శాతం పడిపోతుంది, కుళాయి నీళ్ళ ఐస్ అయితే క్లోరిన్ కూడా. ఒకేసారి నాలుగు సీసాలు పడేసి హీరో అవ్వకు, గంటకి ఒకటి చాలు.

మంచుగది | గురువారం, ఉదయం 7:15

ఎవరో నాకు ప్రైవేటుగా రాశారు, "మచ్చల రోగానికి నీళ్ళు 30కి పెంచితే తగ్గుతుందట కదా" అని. ఇక్కడే చెబుతున్నా. అది మంచినీళ్ళ చేపల చిట్కా. సముద్రపు మచ్చల రోగం వేరే జీవి, వేడి పెంచితే దాని చక్రం వేగంగా తిరుగుతుంది తప్ప చావదు. మీ పగడాలు మాత్రం చస్తాయి. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు.

నిర్వాహకులు | గురువారం, ఉదయం 9:00

ఏ కంపెనీ ఉప్పు మంచిదన్న వాదన మొదలైంది. ఆ 14 పోస్టులనూ వేరే చర్చకి మార్చాము. ఇక్కడ టెంపరేచర్ గురించి మాత్రమే రాయగలరు.

కొత్తబిచ్చగాడు | ఆదివారం, సాయంత్రం 6:22

హ్యామర్ ఇవాళ పూర్తిగా విచ్చుకుంది. రెండు తలల్లో ఒకదాని అంచు కొంచెం ఊడింది గానీ, మిగతాది బాగుంది. చేపలు పైకి రావడం మానేశాయి. 100 వాట్ల హీటర్లు రెండు పెట్టాను, ప్రోబ్‌ని పైపుకి టై వేసి కట్టాను (అక్క కథ చదివాక రాత్రి రెండుసార్లు లేచి చూసుకున్నాను, ఉందా లేదా అని). కొత్త హీటర్లను కూడా ఐస్ పరీక్షలో పెట్టబోయాను, మీటరన్న ఫోన్‌లో అరిచాడు.

పాత 300 వాట్ల హీటర్ ఏం చేయమంటారు? పారేయబుద్ధి కావట్లేదు.

సంపులోచెయ్యి | ఆదివారం, సాయంత్రం 6:50

కొత్త ఉప్పునీళ్ళు కలుపుకునే డ్రమ్ములో వాడుకోండి, మీరు ఎదురుగా ఉన్నప్పుడు మాత్రమే. దాని వైరుకి ఒక టేప్ చుట్టి "1.2 తక్కువ చెబుతుంది" అని రాయండి. వచ్చే ఏడాదికి మర్చిపోతారు.